వైణికులు, ఫిడేలు నాయుడు, కిన్నెర మొగిలయ్య

తీగ వాద్యాలు వాయించేవాళ్లందరికీ కలిపి తెలుగులో ఒక మాట ఉంది: తంత్రీవాద్యకారులు. అది పాఠ్యపుస్తకాల్లో, పురస్కారాల జాబితాల్లో కనిపిస్తుంది. నోటి మాటలో ఎవరూ వాడరు. వీణ వాయిస్తే వైణికుడు లేదా వైణికురాలు. వాయులీనం వాయిస్తే ఫిడేలు విద్వాంసుడు. సితార్ అయితే సితార్ వాదకుడు, గిటార్ అయితే గిటారిస్టు. కిన్నెర, శారద, కీక్రి, జముకు దగ్గరికి వచ్చేసరికి పిలుపు మరోలా ఉంటుంది. అక్కడ మనిషికి పేరు కొన్నిసార్లు చేతిలోని వాద్యం నుంచి వస్తే, ఎక్కువసార్లు పుట్టిన కులం నుంచో చెప్పే కథ నుంచో వస్తుంది. తెలుగు నేల మీద తీగ వాద్యాల చరిత్ర చాలావరకు ఈ పిలుపుల తేడాలోనే ఉంది.

వైణికుడు ఎవరు

వీణ శబ్దానికి ‘ఇక’ ప్రత్యయం చేరి, మొదటి అచ్చు సాగితే ‘వైణిక’ అవుతుంది. మృదంగం నుంచి మార్దంగికుడు, వేణువు నుంచి వైణవికుడు పుట్టిన దారి ఇదే. పాణిని అష్టాధ్యాయి నాలుగో అధ్యాయంలో ఇందుకు ప్రత్యేకంగా ఒక సూత్రం ఉంది. ఏ పని ఎవరికి ‘శిల్పమో’, అంటే ఎవరి చేతిలో నేర్పుగా ఉందో, ఆ పని పేరుతో ఆ మనిషిని పిలవవచ్చని దాని సారం. తెలుగు పండిత కుటుంబాల్లో పిల్లలు తరతరాలుగా వల్లె వేసిన అమరకోశం వైణికుణ్ణి రెండో కాండలో, శూద్రవర్గంలో చెప్పింది. కుమ్మరి, కంసాలి, వడ్రంగి ఉన్న వర్గమే అది. సరస్వతీదేవి చేతి వాద్యమన్న పవిత్రత ఈనాడు వీణ చుట్టూ ఎంత దట్టంగా అల్లుకున్నా, ఆ కోశకారుడి దృష్టిలో వీణ వాయించడం చేతిపనులలో ఒకటి, పొట్ట పోసుకునే విద్య.

దీనికి ఎదురుగా మరో మాట కూడా పాతదే. వీణావాదన తత్త్వం, శ్రుతి, జాతి, తాళం తెలిసినవాడు పెద్ద ప్రయాస లేకుండానే మోక్షమార్గం పడతాడని యాజ్ఞవల్క్య స్మృతి చెప్పింది. సంగీత సభల్లో అధ్యక్షులు ఎక్కువగా చెప్పేది ఈ రెండో మాటనే. అమరకోశంలోని చోటు గుర్తుచేసేవారు తక్కువ. వైణికుడి జీవితం మాత్రం ఈ రెండింటి మధ్యే నడిచింది. సంస్థానాల్లో అగ్రాసనం దక్కినా, నెల జీతం కోసం రాజుగారి దయ మీద ఆధారపడక తప్పలేదు.

తెలుగు ప్రత్యయాలతో పాటగాడు, మద్దెలగాడు, వేషగాడు ఏర్పడ్డాయి. ‘వీణగాడు’ మాత్రం వినపడదు. వీణ సంస్కృతం మాటతోనే పండితుల ఇంటికి వచ్చింది, అక్కడే ఉండిపోయింది.

ఒకే పేరు, మారిన వాద్యం

భరతుడి నాట్యశాస్త్రం వాద్యాలను తత, అవనద్ధ, ఘన, సుషిరాలని నాలుగు తెగలుగా విడదీసింది. బిగించిన తీగతో మోగేది తతవాద్యం. ఆ తెగలో ఏడు తీగల చిత్రవీణ, తొమ్మిది తీగల విపంచి ముఖ్యమైనవి. మొదటిదాన్ని వేళ్లతో, రెండోదాన్ని కోణం అనే మీటుడుపుల్లతో వాయించేవారు. విపంచి పేరు తెలుగు కవిత్వంలో నేటికీ బతికే ఉంది, వాద్యం ఎప్పుడో పోయింది. ఇరవై రెండు శ్రుతుల లెక్క తేల్చడానికి భరతుడు రెండు వీణలను పక్కపక్కన పెట్టి, ఒకదాన్ని కదపకుండా ఉంచి, రెండోదాని శ్రుతిని మెట్టుమెట్టుగా దించి పోల్చాడు. సంగీతశాస్త్రంలో లెక్క పుట్టినచోట ఉన్న సాధనం వీణ. అందుకే తర్వాతి శాస్త్రకారులు స్వరం గురించి ఏం చెప్పాలన్నా వైణికుడి చేతివైపే చూశారు.

అయితే భరతుడి నాటి వీణ ఇప్పటి వీణ కాదు. అమరావతి, నాగార్జునకొండ శిల్పఫలకాల్లో కనిపించేది ఎక్కువగా విల్లులా వంగిన వాద్యం. వంపు పొడుగునా వరుసగా తీగలు ఉంటాయి, ఒక్కో తీగ ఒక్కో స్వరం పలుకుతుంది, మెట్లు ఉండవు. క్రీస్తుశకం నాలుగో శతాబ్దంలో సముద్రగుప్తుడు వేయించిన బంగారు నాణెం మీద రాజు ఒడిలో పెట్టుకుని వాయిస్తున్నదీ ఆ కోవదే. పొడుగు దండి మీద తీగను వేలితో నొక్కి స్వరం మార్చే పద్ధతి స్థిరపడ్డాక విల్లువీణ మెల్లగా తెరమరుగైంది. వాద్యం పూర్తిగా మారిపోయినా వాయించేవాడి పేరు మారలేదు. కాబట్టి పాత గ్రంథాల్లో ‘వైణికుడు’ అని కనిపించినప్పుడల్లా పనస వీణ ఒడిలో పెట్టుకున్న మనిషిని ఊహించుకుంటే పొరపాటే.

మెట్లు ఉన్న తీగ వాద్యాల్లో కిన్నెరకు పెద్ద చరిత్రే ఉంది. పదమూడో శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో కిన్నరీవీణను లఘ్వి, బృహతి అనే భేదాలతో వర్ణించాడు. దండికి కింద సొరకాయ బుర్రలు, పైన మెట్లు. తెలుగులో పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రలో వీణల పేర్లు వరుసగా ఏకరువు పెట్టాడు. బసవపురాణంలో ఆయన చెప్పిన భక్తుల కథల్లో కిన్నర బ్రహ్మయ్య ఒకడు. ఆ భక్తుడికి ఇంటిపేరు కిన్నరే. మనిషి పేరుకు ముందు వాద్యాన్ని తగిలించే అలవాటు తెలుగు సాహిత్యంలో అంత దూరం వెళ్తుంది.

ఇప్పటి వీణకు రూపం ఏర్పడింది పదహారు, పదిహేడో శతాబ్దాల్లో. అంతవరకు మెట్లను రాగాన్నిబట్టి జరుపుకునే పద్ధతి ఉండేది. రామామాత్యుడు 1550లో విజయనగర ప్రభువు రామరాయల ఆదరణలో రాసిన స్వరమేళకళానిధిలో శుద్ధమేళ వీణ, మధ్యమేళ వీణలతోపాటు అచ్యుతరాజేంద్రమేళ వీణను వివరించాడు. వైణికుడు చేతులతో చేసేదాన్ని శాస్త్రానికి ప్రమాణంగా తీసుకున్న గ్రంథం అది. తర్వాత తంజావూరులో రఘునాథ నాయకుడి కొలువులో వీణ మీద ఇరవై నాలుగు మెట్లు కదలకుండా నిలిచాయి. ఆ రాజు తెలుగు కవి, సంగీతజ్ఞుడు కూడా. ఆయన మంత్రి గోవింద దీక్షితుడు, దీక్షితుడి కొడుకు వేంకటమఖి. డెబ్బై రెండు మేళకర్తల పథకాన్ని వేంకటమఖి చతుర్దండి ప్రకాశికలో రాశాడు. సప్తకానికి పన్నెండు మెట్లు స్థిరంగా ఉన్న వాద్యం ఎదురుగా ఉంటే అలాంటి లెక్క వేయడం సులువు. ఒకే వీణ మీద అన్ని రాగాలూ వాయించవచ్చన్నమాట. కర్ణాటక సంగీతం నేటికీ ఆ లెక్క మీదే నిలబడి ఉంది.

చేతి పని

వీణకు ఏడు తీగలు. మెట్ల మీద పోయేవి నాలుగు: సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. పక్కన ఉండే మూడూ తాళపు తీగలు. వాటిపై మెట్లు పనిచేయవు. శ్రుతి నిలబెట్టడం, లయ చూపించడం వాటి పని. వైణికుడు బాసిపట్టు వేసి కూర్చుని కుండను కుడివైపు నేల మీద ఉంచి, ఎడమవైపు బుర్రను తొడ మీద ఆనిస్తాడు. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు మీటుతాయి. చిటికెనవేలు తాళపు తీగలను పైకి మీటుతుంది. ఎడమచేతి రెండు వేళ్లు మెట్ల మీద నడుస్తాయి.

మీటు తెలిసినంత మాత్రాన వైణికుడు కాడు. మీటిన తర్వాత తీగకు ఏం జరుగుతుందన్నదే అసలు విద్య. వేలు ఒకే మెట్టు మీద ఉండగానే తీగను పక్కకు లాగితే స్వరం పైకి పోతుంది. బలమైన చేతి కింద ఒకే మెట్టు మీద మూడు నాలుగు స్వరాలు పలుకుతాయి. గమకం పుట్టేది ఇక్కడే. మీటిన ధ్వని క్షణంలో సన్నగిల్లిపోతుంది, సాహిత్యంలోని దీర్ఘం మాత్రం నిలవాలి. మళ్లీ మీటితే పదం తెగుతుంది, మీటకపోతే నాదం ఆగుతుంది. కృతిలో మాట ఎక్కడ విరగాలో తెలిసి, ఆ అక్షరం దగ్గరే మీటు వేసేవాణ్ణి శ్రోతలు మెచ్చుకుంటారు. సాహిత్యం రాని వైణికుడు వేగంతో మెప్పించగలడేమో గానీ పదాన్ని మోసుకుపోలేడు.

తానం వీణ సొత్తు అని విద్వాంసులు అంటారు. పల్లవికి ముందు తాళం లేకుండా, లయ మాత్రం నిలుపుతూ సాగే ఆ ఖండంలో తాళపు తీగల మోత, ప్రధాన తీగల మీటు ఒకదానిలో ఒకటి ఇమిడిపోతాయి. గాయకులు తానం పాడేటప్పుడు వాడే ‘అనంతం’, ‘తానం’ వంటి అక్షరాల్లో వీణ మీటు వినిపిస్తుందంటే అతిశయోక్తి కాదు.

వీణ చేతిని రాతలోకి తెచ్చిన పుస్తకం సంగీత సంప్రదాయ ప్రదర్శిని. సుబ్బరామ దీక్షితులు దీన్ని 1904లో ఎట్టయపురంలో తెలుగులో ప్రచురించారు. గమకాలకు ఒక్కోదానికి ఒక్కో గుర్తు పెట్టి, ముత్తుస్వామి దీక్షితుల కృతులను స్వరపరిచి ముద్రించారు. సుబ్బరామ దీక్షితులు వైణికుడు, ముత్తుస్వామి దీక్షితులూ వైణికుడే. తమిళ నేల మీద, తెలుగు లిపిలో, సంస్కృత కృతులను వీణ గుర్తులతో అచ్చు వేయడం ఆ కాలపు సంగీత లోకానికి వింతగా తోచలేదు.

సంస్థానం నుంచి వేదిక దాకా

తెలుగు ప్రాంతంలో వీణకు పెద్ద దిక్కు ఉత్తర కోస్తా సంస్థానాలు. విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం కొలువుల్లో వైణికులు ఉండేవారు. విజయనగరం ఆస్థాన విద్వాంసుడు వీణ వేంకటరమణదాసు పేరులోనే వాద్యం ఉంది. పిఠాపురం ఆస్థానంలో తుమరాడ సంగమేశ్వరశాస్త్రి వీణ విన్న రవీంద్రనాథ్ ఠాగూర్ ఆయనను శాంతినికేతన్‌కు ఆహ్వానించాడు. పిఠాపురం వీణ అలా బెంగాలుకు చేరింది.

సంస్థానాల నీడ తగ్గుతున్నప్పుడు రెండు కొత్త ఆశ్రయాలు దొరికాయి. మొదటిది కళాశాల. విజయనగరంలో 1919లో మహారాజా సంగీత కళాశాల మొదలైంది. దాని తొలి అధ్యక్షుడు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. రెండోది రేడియో. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది. రేడియో ‘నిలయ విద్వాంసుడు’ అనే కొత్త పిలుపును తెచ్చింది. రాజుగారి కొలువులో ఉన్నవాడు ఆస్థాన విద్వాంసుడు, ప్రభుత్వ జీతం మీద ఉన్నవాడు నిలయ విద్వాంసుడు. ఆడిషన్‌లో బి, బి-హై, ఎ, ఎ-టాప్ గ్రేడులు వచ్చాయి. వైణికుడి స్థాయి రాజుగారి అభిరుచి మీద ఆధారపడడం పోయి, కాగితం మీద ఒక అక్షరంగా మారింది.

వైణికుణ్ణి సామాన్య శ్రోత దగ్గరికి తెచ్చినవారిలో ఈమని శంకరశాస్త్రి ముందుంటారు. ఆయన 1922లో ద్రాక్షారామంలో పుట్టారు. తండ్రి అచ్యుతరామశాస్త్రి వైణికుడు. శంకరశాస్త్రి మద్రాసులో జెమినీ స్టూడియోలో పనిచేశారు, తర్వాత ఆకాశవాణిలో చేరి ఢిల్లీలో జాతీయ వాద్యబృందాన్ని నడిపించారు. ఎవరెస్టు ఆరోహణను ఊహించి ఆయన కూర్చిన ‘ఆదర్శ శిఖరారోహణం’ పేరున్న రచన. సంప్రదాయ వైణికుడు వాద్యబృందానికి కొత్త రచనలు చేయడం, సినిమా స్టూడియోలో కూర్చోవడం కొందరికి నచ్చలేదు. అయినా ఆయన మీటులోని శుద్ధతను ఎవరూ శంకించలేదు. 1974లో పద్మశ్రీ అందుకుని, 1987లో కన్నుమూశారు.

ఆయన శిష్యుడు చిట్టిబాబు 1936లో కాకినాడలో పుట్టి 1996లో మరణించాడు. ఈ వైణికుడి పేరు వినని తెలుగు ఇల్లు ఒక తరంలో లేదు. కోయిల కూతను వీణ మీద పలికించిన ‘కొమ్మలో కోయిల’ కచేరీల్లో శ్రోతలు అడిగి మరీ వాయించుకున్న అంశం. అలాంటివాటిని చూసి పండితులు పెదవి విరిచారు. నిజానికి కూత అనుకరణలో కనిపించేదీ గమకాన్ని లాగే వేలే. పాటను గొంతు పాడినట్టే వీణ మీద వినిపించాలన్న ఆయన పట్టుదలకు అదే ఆధారం. చిట్టిబాబు పేరు ముందు ‘వీణ’ అనే మాట శాశ్వతంగా నిలిచింది. మైసూరులో వీణ శేషణ్ణకు, మద్రాసులో వీణ ధనమ్మాళ్‌కు దక్కిన పిలుపు ఇదే.

ధనమ్మాళ్ పేరు వచ్చింది కాబట్టి స్త్రీల మాట. ఇరవయ్యో శతాబ్దపు మధ్యతరగతి తెలుగు ఇళ్లలో ఆడపిల్లకు వీణ నేర్పించడం మర్యాద కింద లెక్క, పెళ్లిచూపుల్లో పనికొచ్చే అర్హత కూడా. నేర్చినవారిలో చాలామంది పెళ్లితో ఆపేశారు. ఆపనివారిలో ఈచంపాటి గాయత్రి ఒకరు. ఆమె సినీ సంగీత దర్శకుడు అశ్వత్థామ కుమార్తె. బాల్యం నుంచే వేదికలెక్కి, 2013లో తమిళనాడు సంగీత, లలితకళల విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు.

ఫిడేలు వచ్చాక

వాయులీనం పరదేశం నుంచి వచ్చింది, వీణ ఇంటిలోనే కాలు పెట్టింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో యూరోపియన్ల దగ్గర ఆ వాద్యం నేర్చి కర్ణాటక సంగీతానికి తెచ్చినవారిలో ఆద్యుడు. ఆయన దత్తత తీసుకున్న దౌహిత్రుడే పైన చెప్పిన సుబ్బరామ దీక్షితులు. ఫిడేలుకు మెట్లు లేవు, కమాను ఆగేంతవరకు నాదమూ ఆగదు. వీణకు ఉన్న రెండు ఇబ్బందులు, చప్పున తగ్గే ధ్వని, చిన్న శబ్దం, దీనికి లేవు. గాయకుడి వెంట నడవడానికి ఇంతకు మించిన వాద్యం దొరకదు. అందుకే పక్కవాద్యంగా అది అంత వేగంగా స్థిరపడింది. స-ప-స-ప శ్రుతికి తీగలు బిగించి, నేల మీద కూర్చుని, వాద్యం కొనను కుడిపాదం చీలమండ దగ్గర ఆనించే భంగిమ ఇక్కడి కళాకారులదే.

పక్కవాద్యం వాయించేవాడికి పేరు రావడం కష్టం. గాయకుడు కచేరీకి మధ్యలో కూర్చుంటాడు, ఫిడేలు పక్కన ఉంటుంది. ఆ వరుసను మార్చి ఫిడేలునే ప్రధాన కచేరీ వాద్యంగా నిలబెట్టినవారిలో ద్వారం వేంకటస్వామినాయుడు పేరు అందరూ మొదట చెబుతారు. 1893లో పుట్టిన ఆయనది సైనికోద్యోగి కుటుంబం. విజయనగరం సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరడానికి వెళ్తే, ఆయన వాదనం విని ఉపాధ్యాయుడిగానే తీసుకున్నారని చెబుతారు. 1936లో ఆ కళాశాల అధ్యక్షుడయ్యారు. చూపు మందగించినా చేతికి ఆ లోటు తెలియలేదు. మద్రాసు సంగీత అకాడమీ 1941లో సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. జనం మాత్రం ‘ఫిడేలు నాయుడుగారు’ అనే పిలిచారు. వాయులీనమనే పండిత పదం రేడియో ప్రకటనల్లో, శుభలేఖల్లో ఉండిపోయింది.

కృష్ణాతీరంలో మరో బడి ఉంది. త్యాగరాజ శిష్యపరంపరకు చెందిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు విజయవాడలో తయారుచేసిన శిష్యుల్లో మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఒకరు. ఆయన తల్లి వైణికురాలు, తండ్రి వేణువాదకుడు. గాయకుడిగా ప్రపంచానికి తెలిసిన బాలమురళి వయోలాను కర్ణాటక సంగీతంలోకి తెచ్చిన తీగ వాద్యకారుడు కూడా. అదే గురువు శిష్యుడు అన్నవరపు రామస్వామి విజయవాడ ఆకాశవాణిలో దశాబ్దాలపాటు ఫిడేలు వాయించి, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. విజయనగరంలో పుట్టిన అవసరాల కన్యాకుమారి 2016లో సంగీత కళానిధి అయ్యారు. ద్వారం తర్వాత ఆ ఊరి పేరును ఆ పట్టికలోకి మళ్లీ తెచ్చిన ఫిడేలు ఆమెది.

పరదేశం నుంచి వచ్చి పేరుకు అంటుకుపోయిన మరో వాద్యం మాండలిన్. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ తండ్రి క్లారినెట్ వాద్యకారుడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ రాదు. గురువు పాడితే శిష్యుడు దాన్ని తీగల మీద వెతుక్కునేవాడు. ఆ చదువు మేలే చేసింది. వాద్యం అలవాట్లకు లోబడకుండా గాత్రమే ప్రమాణమైంది. జంట తీగల మామూలు మాండలిన్‌ను వదిలి, ఐదు ఒంటి తీగల విద్యుత్ మాండలిన్‌తో ఆయన గమకాలు సాధించాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ చేసినప్పుడు ఆయన వయసు తొమ్మిదేళ్లు. 2014లో నలభై ఐదేళ్లకే చనిపోయాడు. ‘ఉప్పలపు’ అనే ఇంటిపేరు చెబితే గుర్తుపట్టని వాళ్లు కూడా ‘మాండలిన్ శ్రీనివాస్’ అంటే పోల్చుకుంటారు.

పేరు దక్కని తీగలు

సభల వెలుపల తీగ మోగించినవారికి ఇంత స్పష్టమైన పిలుపు దొరకలేదు. బుర్రకథలో ప్రధాన కథకుడి భుజం మీద తంబుర ఉంటుంది, వేళ్లకు అందెలుంటాయి. అయినా ఆయన కథకుడే, తంబురవాదకుడని ఎవరూ అనరు. బుర్రకథకు కొత్త ప్రాణం పోసిన షేక్ నాజర్‌ను కూడా జనం కథ చెప్పే మనిషిగానే గుర్తుపెట్టుకున్నారు. తెలంగాణలో శారదకాండ్రు మాత్రం మినహాయింపు. వాళ్ల భుజాన ఉండే తంబురనే శారద అంటారు. పిలుపు వాద్యం నుంచే వచ్చింది.

ఆదిలాబాద్ గోండుల వంశగాథలను పాడేది ప్రధాన్‌లు. వాళ్ల చేతిలో కీక్రి ఉంటుంది. చెక్కను తొలిచి, తోలు మూసి, తీగలు బిగించి కమానుతో వాయించే వాద్యం అది. గోండుల కుటుంబాలకూ ప్రధాన్‌లకూ మధ్య ఆశ్రిత సంబంధం వంశపారంపర్యం. పండుగలో దేవతల కథ పాడాలంటే ప్రధాన్ రావాలి, కీక్రి మోగాలి. 1940ల్లో మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ రాజగోండుల జీవితాన్ని నమోదు చేసినప్పుడు ఈ గాయకుల పాత్రను వివరంగా రాశాడు. కమానుతో వాయించే ఫిడేలు మద్రాసు కచేరీలో విద్వత్తుగా లెక్కకెక్కితే, కమానుతోనే వాయించే కీక్రి మానవశాస్త్ర గ్రంథాల్లో చేరింది. రెండింటినీ ఒకే తెగ వాద్యాలుగా చూసి రాసినవారు చాలా తక్కువ.

జముకు ఇంకో రకం. ఉత్తరాంధ్రలో జముకులకథ చెప్పేవాళ్లు చంకన ఇరికించుకునే ఆ వాద్యం చూడ్డానికి డప్పు జాతిలా ఉంటుంది. ఒకవైపు తోలు మూసి, ఆ తోలు మధ్య నుంచి ఒక తీగను లాగి, దాన్ని బిగిస్తూ వదులుతూ మీటుతారు. తెలంగాణలో బవనీలు ఎల్లమ్మ కథకు వాడే జమిడికదీ ఇదే పని. తీగ ఉందని తతవాద్యం అనాలో, తోలుందని అవనద్ధం అనాలో తేల్చడం శాస్త్రకారులకు ఇబ్బందే.

కిన్నెర వాయించే డక్కలివారు మాదిగలకు ఆశ్రితులు, జాంబపురాణం చెబుతారు. వెదురు దండి, దాని కింద ఎండిన సొరకాయ బుర్రలు, మెట్లు నిలబెట్టడానికి తేనెమైనం, చివర నెమలి బొమ్మ. శార్ఙ్గదేవుడు వర్ణించిన కిన్నరికి దగ్గరి చుట్టం ఇదేనని చూడగానే అనిపిస్తుంది. సంస్కృత శాస్త్రంలో వీణల వరుసలో ఉన్న వాద్యం ఊరి బయట గుడిసెల్లో బతికింది, వాయించేవాళ్లకు మాత్రం వైణికులనే పేరు రాలేదు. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న వంటి వీరుల కథలు పాడుతూ ఊరూరా తిరిగారు. ‘భీమ్లా నాయక్’ సినిమా పాటతో ఆయన గొంతు లక్షలమందికి చేరింది, 2022లో పద్మశ్రీ వచ్చింది. పత్రికలు ఆయనను ‘కిన్నెర మొగిలయ్య’ అని రాయసాగాయి. అంతకుముందు ఆ వాద్యకారులను కులం పేరుతో పిలవడమే పరిపాటి.

చేసేవాళ్లు

తీగ వాద్యకారుడి వెనుక మరో చేతి పని ఉంటుంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీయులు తరతరాలుగా వీణలు చెక్కుతున్నారు. కుండ, దండి వేర్వేరుగా చేసి అతికించకుండా ఒకే పనస మొద్దులోంచి తొలిస్తే అది ఏకాండి వీణ. కొమ్మ ఎక్కడ చీలిందో, కర్రలో ముడి ఎక్కడ ఉందో ముందే పసిగట్టాలి. ఆరని కర్రతో చేస్తే తర్వాత దండి వంగి మెట్లన్నీ తప్పుతాయి. నూజివీడు కూడా వీణలకు పేరున్న ఊరే. తంజావూరు వీణ నగిషీలకు ప్రసిద్ధి, బొబ్బిలి వీణ ఏకాండి పనికి ప్రసిద్ధి. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

దండి మీద మైనం, నల్లరంగు కలిపిన గట్టు వేసి, అందులో లోహపు మెట్లు నిలబెట్టడాన్ని మేళం కట్టడం అంటారు. ఇరవై నాలుగు మెట్లలో ఏ ఒక్కటి నూలుపోగంత జరిగినా రాగం చెడుతుంది. వేడికి మైనం కరుగుతుంది, వాడుకకు మెట్లు అరుగుతాయి. ప్రతి వీణకూ కొన్నేళ్లకోసారి మేళం మళ్లీ కట్టించాలి. ఆ పని చేసేవాడు చాలావరకు చెవి మీదే ఆధారపడతాడు. కచేరీ చేయకపోయినా స్వరస్థానం విషయంలో వైణికుడు అతని మాటకు తలొగ్గాలి.

గొల్లపల్లిలో ఇప్పుడు నిలువెత్తు వీణలకన్నా జ్ఞాపికలుగా ఇచ్చే బుల్లి వీణలే ఎక్కువ అమ్ముడవుతున్నాయి. సన్మానాల్లో, ప్రభుత్వ కార్యక్రమాల్లో అతిథుల చేతికి అవే వెళ్తాయి. వాయించే వీణ కొనేవాళ్లు సంగీత కళాశాలల విద్యార్థులు, విదేశాల్లో పిల్లలకు నేర్పించే తెలుగు కుటుంబాలు. విమానంలో తీసుకెళ్లడం కష్టమని వాళ్లలో కొందరు విడదీసి సర్దుకునే ఎలక్ట్రానిక్ వీణవైపు మళ్లారు. అందులో సొరకాయ బుర్ర అలంకారమే, కుండ స్థానంలో స్పీకర్ ఉంటుంది, మెట్లకు మైనం అక్కర్లేదు. తీగను లాగి గమకం పలికించే పని మాత్రం వైణికుడి వేలికే మిగిలింది.